బ్యాంకు మెట్ల ముందు ఖాళీ చోటు

లిండెన్ ఫోర్క్, అయోవా
1976 మే 24, సోమవారం

ఫ్రీడా,

మీ ఊళ్లో వాన ఆగిందా అని అడగను. ఆస్టోరియాలో వాన ఆగిందని నువ్వు రాసిన రోజున ఆ ఉత్తరం ఇంకెవరో రాశారనుకుంటాను. ఇక్కడ మొక్కజొన్న చీలమండ ఎత్తు లేచింది. రైతులు ఎండ ఎక్కువైందని ఏడుస్తున్నారు. పోయిన వారం తడి ఎక్కువైందని ఏడ్చినవాళ్లే.

ఊరికి పిచ్చి పట్టింది. దేశానికి రెండువందల ఏళ్లు నిండుతున్నాయని కనబడినదానికల్లా ఎరుపు, తెలుపు, నీలం పూస్తున్నారు. మంటలార్పడానికి వీధి మూలల్లో పొట్టి కుళాయిలుంటాయే, వాటికి కళ్లూ ముక్కూ టోపీ వేసి సిపాయిల్ని చేశారు. మా ఇంటి ముందు సిపాయికి మెల్లకన్ను. కుక్కలు మాత్రం మునుపటి మర్యాదే చేసి పోతున్నాయి.

ఇక అసలు సంగతి. శనివారం పొద్దున ఉత్సవ సంఘం వాళ్లు ముగ్గురొచ్చారు. ముందు నడిచినవాడు వెర్నన్ ప్రూయిట్, ఇనుప సామాను కొట్టువాడు. అవును, హొరేస్ ప్రూయిట్ మనవడే. ఆ పేరు చూసి ఉత్తరం కింద పడేసి ఉంటావు. తీసి మిగతాది చదువు. వెర్నన్ నా దగ్గర మూడో తరగతి చదివాడు. ఎక్కాలు రాలేదు గాని మనిషి మెత్తన. పుల్లటి రూబార్బ్ కాడలు పిండిలో పెట్టి వాళ్లావిడ కాల్చిన తీపి 'పై' ఒకటి పట్టుకొచ్చాడు. వాతావరణం గురించి పావుగంట, నా మోకాలి గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఇక వెళ్తామని లేచి తలుపు దాకా పోయారు. ఈ ఊళ్లో అసలు మాట ఎప్పుడూ తలుపు దగ్గరే కదా బయటపడేది! వెర్నన్ టోపీ చేతిలో తిప్పుతూ, "టీచరుగారూ, ఈసారి జూలై నాలుగు ఊరేగింపులో ముందు కారులో పెద్దమనిషిగా మీరు కూర్చుంటే బాగుంటుందని అందరం అనుకున్నామండీ" అన్నాడు.

"చూద్దాంలే" అన్నాను.

ఇక్కడ చూద్దాంలే అంటే చస్తే రానని అర్థం. అది నీకూ తెలుసు, వాడికీ తెలియాలి. యాభై ఎనిమిదేళ్లుగా జూలై నాలుగున చర్చిలో పండగ ప్రార్థన అవగానే ఇంటికొచ్చి, కర్టెన్లు దించి, వంటింట్లో బఠానీలు ఒలుస్తూ కూర్చుంటానని ఊరందరికీ తెలుసు. ఎందుకో కూడా తెలుసు. తెలిసీ ఎవరూ అడగరు, నేనూ చెప్పను. దాన్ని మర్యాద అంటారిక్కడ.

అయినా ఆ శనివారం నుంచీ నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. నిన్న కిటికీలు కడిగాను. ఇవాళ మళ్లీ కడిగాను. నీకు ఫోను చేసి ఈ సణుగుడంతా చెప్పుకుందామంటే ఈ రోజుల్లో ఇంట్లో ఫోను పెట్టించుకోని మనిషివి దేశం మొత్తానికి నువ్వొక్కదానివే. అందుకని సిరా ఖర్చు.

వెర్నన్ తెచ్చిన ఆ 'పై' బాగుంది. అదే నా బాధ.

నీ అక్క
ఒటీలియా

*

ఆస్టోరియా, ఓరెగాన్
1976 జూన్ 1

అక్కా,

నీ ఉత్తరం కన్నా ఒక రోజు ముందు మన ఊరి వారపత్రిక వచ్చింది. మొదటి పేజీ, పెద్ద అక్షరాలు: "ఊరేగింపుకు పెద్దగా ఉండేందుకు మన ప్రియమైన టీచరుగారు ఆనందంగా అంగీకరించారు." చదివి, చేతిలో ఉన్న చేప చేతిలోనే ఉంచుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మరునాడు నీ ఉత్తరం. అందులో నువ్వు పత్రిక మాటే ఎత్తలేదు. కుళాయిలూ కుక్కలూ రాశావు.

నీకు గుర్తు చెయ్యాలా? 1918 జూలై నాలుగు. జర్మనీతో యుద్ధం రోజులు. ఊళ్లో జర్మన్ మాట వినబడకూడదని ఆజ్ఞ. ఆ బ్యాంకు మెట్ల ముందు హొరేస్ ప్రూయిట్, ఇంకో ఐదుగురు కలిసి మన నాన్నని మోకాళ్ల మీద కూలేసి, జెండాని ముద్దు పెట్టుకోమన్నారు. జర్మనీలో పుట్టినా పంతొమ్మిదేళ్లుగా ఈ దేశ పౌరుడు, ఆ కాగితం పటం కట్టించి గోడకు పెట్టుకున్నవాడు. నేరమేమిటి? ఫోన్లో జర్మన్ మాట్లాడాడు. ఎవరితో? చావుబతుకుల్లో ఉన్న వాళ్లమ్మతో. నానమ్మకి ఇంగ్లీషులో వచ్చింది రెండే మాటలు, ఒకటి హలో, రెండోది ఆపిల్. ఆ రెంటితో కొడుక్కి ఏం చెప్పుకుంటుంది?

నేను జనంలో ఉన్నాను. నువ్వు మెట్ల పక్కనే ఉన్నావు, ఇరవై ఏళ్ల కొత్త టీచరువి, ముప్పై మంది పిల్లల చేత దేశభక్తి పాట పాడిస్తూ. నాన్న మోకాళ్లు నేలకు తగిలాయి.

నీ చెయ్యి ఆగలేదు అక్కా. తాళం వేస్తూనే ఉంది.

ఇప్పుడు కారెక్కి అదే చెయ్యి ఊపుకో.

ఫ్రీడా

*

లిండెన్ ఫోర్క్
1976 జూన్ 7

ఫ్రీడా,

నా చెయ్యి ఆగలేదు. నిజం. నువ్వు ఇన్నేళ్లు దాచుకుని ఒక్క వాక్యంలో రాశావు. నేను ప్రతి జూలైలో చదువుకునే వాక్యమే అది, అయినా నీ అక్షరాల్లో చూసేసరికి కాగితం మేజా మీద పెట్టి చదవాల్సి వచ్చింది. ఆపితే పిల్లలు నాన్న వైపు చూస్తారని ఆపలేదు, అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మంచి కారణమే. కాకపోతే తర్వాత కనిపెట్టింది. ఆ వేళ నేను భయపడ్డాను, అంతే.

ఇక "ఆనందంగా అంగీకరించారు" సంగతి. నేను "చూద్దాంలే" అన్నాను గదా. వెర్నన్ దాన్ని ఇంటికి మోసుకెళ్లేసరికి అది అంగీకారమైంది. పత్రికవాడు దానికి ఆనందం కలిపాడు. సరిదిద్దుదామని ఇనుప కొట్టుకు బయల్దేరాను. అద్దం మీద నా ఫొటో అంటించి ఉంది. అందులో నవ్వుతున్నాను. 1951 నాటి ఫొటో. వెర్నన్ గల్లా వెనకనుంచి లేచి నిలబడ్డాడు, మూడో తరగతిలో నిలబడినట్టే.

"ఏం కావాలండీ టీచరుగారూ?"

"తలుపు బందులు రెండు" అన్నాను.

నా ఇంట్లో బందులు లేని తలుపు ఒక్కటీ లేదు. అవి పట్టుకుని ఇంటికొచ్చాను.

దారిలో తోచింది నాకు. మన ఊరేగింపు గుర్తుందా? చర్చి దగ్గర మొదలై ధాన్యం గోదాము దగ్గర అయిపోతుంది, పట్టుమని పది నిమిషాలు. ఇంతమాత్రానికా రమ్మన్నారు అని పొరుగూళ్ల చుట్టాలు తిడతారని, గోదాము చుట్టూ తిరిగి, వెనక సందులోంచి చర్చి దగ్గరికొచ్చి, మళ్లీ మొదలుపెడతారు. అందరూ అన్నిటినీ రెండుసార్లు చూస్తారు. రెండోసారి కూడా అప్పుడే చూసినట్టు చప్పట్లు కొడతారు. అంటే ముందు కారులో ఉన్న మనిషి బ్యాంకు మెట్ల ముందు నుంచి రెండుసార్లు పోతుంది. మొదటిసారి ధైర్యం చాలకపోతే ఇంకోటి ఉంది. అక్కడ కారు ఆపించి నాన్న పేరు గట్టిగా చెప్పాలి. యాకోబ్ బెహ్రెన్స్, జీనులు కుట్టేవాడు, ఈ ఊరివాడు. అంతే. అందుకే కాదనకుండా వచ్చాను. అంతేగాని చెయ్యి ఊపడానికి కాదు.

వాళ్లు మరిచిపోయారని నువ్వంటావు. మరిచిపోలేదు ఫ్రీడా, అంతకన్నా పాడు. మూడో తారీకు సాయంత్రమే జనం వీధి పొడవునా కుర్చీలు వేసి చోటు పట్టుకుంటారు కదా. ఒకరి చోట ఇంకొకరు వెయ్యరు. తాత చోటు మనవడికి వస్తుంది, పొలం వచ్చినట్టు. బ్యాంకు మెట్ల ముందు మాత్రం రెండు బారల మేర ఎవరూ కుర్చీ వెయ్యరు. నాలుగో తారీకు పొద్దున చర్చికి పోతూ ఏటా చూస్తాను. కుర్చీ, కుర్చీ, కుర్చీ, ఖాళీ, మళ్లీ కుర్చీ. పన్ను ఊడిన నోరులా. నాన్న మోకాళ్లు ఆనిన చోటు మైలపడిందని వాళ్ల లెక్క. యాభై ఎనిమిదేళ్లయినా మైల వదల్లేదు.

మనవరాలు కొరిన్ బ్యాండులో బాకా ఊదుతుంది ఈసారి. పక్క గదిలో సాధన చేస్తోంది. ఆవు ఈనుతున్నట్టుంది.

నీ మీద కోపం లేదు. ఉంటే ఇంత పొడుగు రాయను.

ఒటీలియా

*

ఆస్టోరియా
1976 జూన్ 14

అక్కా,

మూడు రోజులుగా పొగమంచు. నది అవతల ఏమీ కనబడడం లేదు. ఓడలు కూతలు పెట్టుకుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. ఇంట్లో ఇటునుంచి అటు తిరుగుతున్నాను. నా కాళ్ల కింద చెక్కలు అరిగిపోయి కింద వాటా ఆయన పైకొచ్చి, "అమ్మా, గుర్రం ఏమైనా పెంచుతున్నారా?" అని అడిగి వెళ్లాడు.

నీ చేతిని అన్నాను. అనకూడనిది. ఇప్పుడు నా చేతి సంగతి చెబుతాను. ఇది నా మొగుడికి కూడా చెప్పలేదు. ఆయన చెవిటివాడని కాదు.

ఆ రోజు ఫోను తిప్పింది నేను.

నాన్న వద్దన్నాడు. లైను మీద పదకొండు ఇళ్లున్నాయి, ఎవరో ఒకరు ఎత్తి వింటారు, వద్దమ్మా అన్నాడు. నాకు పదహారేళ్లు, పొగరు. "మీ అమ్మ పోతే ఏ భాషలో ఏడుస్తావు నాన్నా?" అన్నాను. అని, నేనే పిడి తిప్పి, అవతల నానమ్మ పలకగానే వినే గొట్టం ఆయన చెవికి ఆనించాను. ఆయన మొదట మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. పక్కనే నిలబడి నేను విన్నాను. టిక్కుమని ఒకరు ఎత్తిన చప్పుడు, ఇంకొకటి, మూడోది. విని కూడా గొట్టం లాక్కోలేదు.

నాలుగు రోజులకి బ్యాంకు మెట్లు.

ఆ తర్వాత నాన్న మాట్లాడటం నువ్వు విన్నావా? ఇంగ్లీషు సరిగ్గా రాదు, జర్మన్ ఎత్తడు. ఆయన నోరు నేను కట్టేశాను. 1921లో నేను రైలెక్కింది ఊరి మీద కోపంతో అని మీరందరూ అనుకున్నారు. అలాగే అనుకోనిచ్చాను, అది చెప్పుకోవడానికి బాగుంటుంది గనక. నాన్న పోయినప్పుడు రాకపోవడానికీ అదే కారణం. నా ఇంట్లో ఫోను లేకపోవడానికీ అదే.

నన్ను రమ్మని మాత్రం అడగకు.

ఫ్రీడా

*

లిండెన్ ఫోర్క్
1976 జూన్ 20, ఆదివారం

చెల్లీ,

ఆ ఫోను నువ్వు తిప్పావని నాకు తెలుసు. నాన్నే చెప్పాడు, 1934లో, పోవడానికి వారం ముందు. కొట్టు వెనక బల్ల మీద కూర్చుని తోలుకి నూనె రాస్తున్నాడు. నాతో పదహారేళ్లలో మొదటిసారి జర్మన్లో మాట్లాడాడు. మెల్లగా, ఒక్కో మాట తుడిచి పెడుతున్నట్టు. ఏమన్నాడో రాస్తాను చూడు.

"ఆ పిల్ల ఫోను తిప్పకపోతే మా అమ్మ గొంతు వినకుండానే పోయేవాణ్ణి. నేను ఫోను పెట్టిన రెండో రోజున అమ్మ పోయింది. మోకాళ్లదేముంది, అవి కొట్టులో రోజూ నేల మీదే ఉండేవి. అమ్మ గొంతు మాత్రం నా చెవిలో ఉంది."

ఇదీ ఆయన అన్నది. ఇంత ముక్క ఇన్నాళ్లూ నాకు రాయలేదేమని అడుగుతావు. నువ్వు అడగలేదు. నువ్వు ఊరి మీద కోపంతో పోయావనుకున్నాను. కోపంతో పోయినవాళ్లకి ఓదార్పు ఎందుకు రాస్తారు?

ఇక్కడ నేను కుదురుగా లేను. వెర్నన్ నిన్న వచ్చాడు, కారులో నేను పట్టే తీరు చూసుకోవడానికి. గుర్రం కొనేవాడిలా నా చుట్టూ ఒకసారి తిరిగాడు. అప్పుడే అడిగేశాను.

"వెర్నన్, బ్యాంకు మెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆపుతావా?"

"ఆపడం కష్టమండీ టీచరుగారూ. వెనక ముప్పైనాలుగు ట్రాక్టర్లుంటాయి. మనం ఆగితే అవి ఒకదాన్నొకటి ఎక్కేస్తాయి."

"ఎందుకని అడగవేం?"

వాడు టోపీ తిప్పాడు. తలుపు దాకా పోయాడు. తలుపు దగ్గర, "చూద్దాంలెండి" అన్నాడు.

అంటే చస్తే ఆపడు.

ఊరికే రాస్తున్నాను: ఒమాహా నుంచి వచ్చే బస్సు ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం మూడూ ఇరవైకి ఇనుప కొట్టు ముందు ఆగుతుంది. ఈ మధ్య సీట్లు మెత్తగా వేశారట.

ఒటీలియా

*

ఆస్టోరియా
1976 జూన్ 27

అడగలేదా? నేను అడగలేదా! నలభై రెండేళ్లు ఆ మాట నీ బల్ల సొరుగులో పెట్టుకుని, మొక్కజొన్న ఎత్తులు రాశావు నాకు! పక్కింటి పిల్లి ఈనితే రాశావు! పిల్లల పేర్లతో సహా రాశావు!

సూట్‌కేసు సర్దాను. విప్పాను. మళ్లీ సర్దాను. కింద వాటా ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి ఏమీ అడగకుండా నా మొహం చూసి వెళ్లిపోయాడు.

నేను రావడం లేదు. కోపం వల్ల కాదు. కోపం వల్లే. ఏమో. ఎక్కడికని రాను? నువ్వు కారులో ఉంటావు. నేనెక్కడ నిలబడాలి? ఆ వీధిలో అందరికీ తాతల నాటి చోట్లున్నాయి. మనకున్నది ఒక్కటే, దాన్నేమో మైల అంటున్నావు.

ఫ్రీడా

తాజాకలం: నాన్న సరిగ్గా ఆ మాటలే అన్నాడా? "ఆ పిల్ల" అన్నాడా, "ఫ్రీడా" అన్నాడా?

*

లిండెన్ ఫోర్క్
1976 జూలై 8, గురువారం

ఫ్రీడా,

"ఆ పిల్ల" అన్నాడు. అని, తోలుకి ఇంకోసారి నూనె రాసి, "ఫ్రీడా" అన్నాడు.

నాలుగో తారీకు సంగతి వరసగా రాస్తాను, మధ్యలో లేచి తిరగకు.

ఆదివారం పడింది గనక పాస్టరు పదకొండు నిమిషాల్లో ప్రసంగం ముగించాడు. దేశం రెండువందల ఏళ్లలో సాధించిన వాటిలో ఇదొకటి. నీలం గౌను, గడ్డి టోపీ పెట్టుకుని పైకప్పు లేని కారులో వెనక కూర్చున్నాను. మా వెనక ఎండుగడ్డి బండి మీద బ్యాండు, అందులో బాకాతో కొరిన్. ఆ వెనక ట్రాక్టర్లు. బయల్దేరాం. చెయ్యి ఊపాను, కిటికీ తుడిచినట్టు. జనం లేచి నిలబడ్డారు. వాళ్లలో సగం మందికి ముక్కు తుడిచినదాన్ని నేనే.

బ్యాంకు వచ్చింది. కుర్చీ, కుర్చీ, కుర్చీ, ఖాళీ. ఎండ ఆ ఖాళీలో పరిచినట్టు పడి ఉంది. "ఆపు" అన్నాను, అన్నాననుకుంటాను. కారు ఆగలేదు. ఆ ఖాళీ వెనక్కి వెళ్లిపోయింది.

అప్పుడు నాకు వచ్చిన కోపం, ఫ్రీడా, నీది నాది కలిపి. వాడి వీపుకే చెప్పాను.

"చూశావా వెర్నన్? ఊరు ఊరంతా ఇరుక్కుని కూర్చున్నారు గాని అక్కడ ఒక్క కుర్చీ వెయ్యరు. మా నాన్న మోకాళ్లూనిన చోటంటే మీకింకా మైల."

గోదాము దాకా పోయాం. గోదాము చుట్టూ తిరిగాం. వెనక సందులో, చూసేవాళ్లెవరూ లేనిచోట, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"టీచరుగారూ, ఇన్నాళ్లూ మీరనుకున్నది అదా?"

"మరేమనుకోవాలి?"

"అది బెహ్రెన్స్ వాళ్ల చోటు కదండీ. మా నానమ్మ చెప్పింది. నాకు చెప్పింది, మా నాన్నకీ చెప్పింది. 'అది వాళ్ల చోటు, వాళ్లు ఎప్పుడొస్తే అప్పుడు కూర్చుంటారు, అక్కడ ఎవరూ వెయ్యడానికి వీల్లేదు' అని. ఒక ఏడు కొత్తగా వచ్చిన ప్లంబరు అక్కడ దుప్పటి పరిస్తే మా నాన్న వెళ్లి మడిచి చేతికిచ్చాడు. 'ఇది పట్టేసిన చోటు' అన్నాడు."

నేను వాడి మెడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఎండకి కమిలి ఉంది.

"మీ తాత ఏమనేవాడు?"

"తాత ఏమీ అనేవాడు కాదండీ. ఆయన కుర్చీ సరిగ్గా ఎదుటివైపు. పోయేదాకా అక్కడే కూర్చున్నాడు. ఊరేగింపు చూసేవాడు కాదు, ఆ ఖాళీనే చూసేవాడు."

అది పశ్చాత్తాపమో, కాపలానో నాకు తెలియదు. వాడికీ తెలియదు.

"మరి ఇంత సంగతి నాకు ఒక్కరైనా చెప్పలేదేంరా?"

"మీరు అడగలేదు కదండీ" అన్నాడు.

నవ్వు. నవ్వుకో. నలభై రెండేళ్లు సొరుగులో పెట్టుకున్నదాన్ని గనక నాకు నోరు లేవలేదు. యాభై ఎనిమిదేళ్లు వాళ్లు మన కోసం చోటు అట్టేపెట్టి మనం రాలేదనుకున్నారు. మనమేమో వాళ్లు వెలేశారనుకున్నాం. రెండు వైపులా ఎవరూ నోరు విప్పలేదు, అవతలివాళ్లు నొచ్చుకుంటారని. ఇంత మర్యాద గల ఊరు తగలబడినా తప్పులేదు.

రెండోసారి బ్యాంకు దగ్గరికొచ్చేసరికి నేను నోరు తెరవకముందే వెర్నన్ బ్రేకు తొక్కి, చెయ్యి పైకెత్తాడు. ముప్పైనాలుగు ట్రాక్టర్లూ ఆగాయి. ఏదీ దేన్నీ ఎక్కలేదు. నేను దిగాను. నిలబడ్డాను. దాచుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"యాకోబ్ బెహ్రెన్స్ కూతుర్ని. ఇక్కడ కూర్చుంటాను" అన్నాను.

వాళ్లకి తెలియనట్టు!

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, దేవుడు చల్లగా చూశాడు. ఎక్కడినుంచో ఒక కుర్చీ లేచింది, ఆకుపచ్చ చారల కాన్వాసుది. తలల మీదుగా చేతులు మారుతూ వచ్చి నా ముందు వాలింది. కూర్చున్నాను. ఇంకొకటి వచ్చి దాని పక్కన వాలింది. ఎవరికని అడగబోతే, పక్క వరసలో వెర్నన్ వాళ్లమ్మ, ఎనభై దాటిన మనిషి, ముందుకే చూస్తూ, "ఫ్రీడాకి" అంది. తర్వాత, "ఎండ నీ మీద పడుతోంది, కాస్త ఇటు జరుగు" అంది.

అదే క్షమాపణ. అంతకన్నా ఈ ఊళ్లో దొరకదు. నేను బెత్తెడు జరిగాను. నాకూ అంతకన్నా చేతకాలేదు. క్షమించానా అని అడిగితే తెలియదు. కూర్చున్నాను, అంతవరకే తెలుసు.

వెర్నన్ ఖాళీ కారు తోలుకుంటూ పోయాడు. జనం ఖాళీ సీటుకే చేతులు ఊపారు. ఆ వెనక బ్యాండు బండి వచ్చింది. వాళ్లకు వచ్చింది నాలుగు పాటలే. అన్నీ అయిపోయి మళ్లీ మొదటిది ఎత్తుకున్నారు. అదే పాట ఫ్రీడా, ఆ రోజుది. కొరిన్ బాకాలో ఆవు ఈనుతూనే ఉంది. జనమంతా పాదాలతో తాళం వేస్తున్నారు.

నా చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. పాట మొదలైనప్పటినుంచి అయ్యేదాకా ఒక్క వేలు కదపలేదు.

సాయంత్రానికి ఎవరి కుర్చీలు వాళ్లు ఎత్తుకుపోవాలని ఊరి కట్టుబాటు. నేను నాది ఎత్తాను. నీది ఎత్తలేదు. మరునాడు చూస్తే అక్కడే ఉంది. వీధి ఊడ్చే బండివాడు దాని చుట్టూ తిప్పి ఊడ్చుకుపోయాడు. మంగళవారం వాన పడింది. కాన్వాసులో నీళ్లు నిలవకుండా ఎవరో బోర్లించి పోయారు. బుధవారం ఎండ కాసింది. ఎవరో తిరిగి నిలబెట్టారు. ఎవరని నేను ఆరా తియ్యలేదు. బ్యాంకు వాళ్లు తలుపు తీస్తూ దాన్ని తప్పుకుని లోపలికి పోతున్నారు. నేను రోజుకు మూడుసార్లు ఏదో కొనే మిషతో వెళ్లి చూసి వస్తున్నాను. ఇంట్లో ఇప్పుడు పద్నాలుగు తలుపు బందులున్నాయి.

ఎక్కడ నిలబడాలి అన్నావు. నిలబడక్కర్లేదు.

నేను నీకు ఇన్నేళ్లలో బస్సు వేళలు రాశాను, సీట్ల మెత్తదనం రాశాను. ఆ మాట మాత్రం రాయలేదు. ఇప్పుడు అడుగుతున్నాను చెల్లీ. వస్తావా?

ఒటీ

*

ఆస్టోరియా
1976 జూలై 13

ఒటీ అక్కా,

ఉత్తరం అందగానే పోస్టాఫీసుకి వెళ్లి అక్కడి ఫోను ఎత్తాను, నీకు చేద్దామని. టోను వినబడింది. గొట్టం చెవికి ఆనించుకుని ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాను. నా వెనక వరసలో ఉన్నావిడ, "ఎవరూ పలకడం లేదా?" అంది. "పలికారు" అని పెట్టేశాను. ఇలాంటివి చేతిలోంచి వస్తేనే బాగుంటాయి, గొంతులోంచి వస్తే పాడవుతాయి.

వెర్నన్ వాళ్లమ్మకి చెప్పు, ఎండ నాకు పడదని. ఆమె వైపే కూర్చుంటాను.

ఊరేగింపు అక్కర్లేదు. పాటలు అసలే వద్దు. కుర్చీ చాలు. ఇరవై రెండో తారీకు గురువారం, మూడూ ఇరవై బస్సు. స్టాపు దగ్గరికి రాకు, ఇద్దరం వీధి మధ్యలో నిలబడి ఏడిస్తే ఊరు వంద ఏళ్లు దాచుకుంటుంది. నేను దిగి, సూట్‌కేసు పట్టుకుని, నేరుగా బ్యాంకు మెట్ల ముందుకెళ్లి కూర్చుంటాను. నువ్వు నీ కుర్చీ తెచ్చుకో. నానమ్మ గురించి కొంచెం మాట్లాడుకుందాం, ఆమె భాషలో. నాకు సగం పోయింది, నీ దగ్గర ఎంత మిగిలిందో తెచ్చి కలుపు. గట్టిగానే మాట్లాడుకుందాం.

అప్పటిదాకా వానొస్తే కుర్చీ బోర్లించమను.

చూద్దాంలే అని రాయబోయాను. కొట్టేశాను. నువ్వు అడిగావు కదా.

వస్తున్నాను.

ఫ్రీడా